ఎవరింట్లో ఎవరున్నారో తెలిసినవాళ్ళు

దసరా దగ్గరపడుతోందంటే ఒడిశాలోని మా బరంపురంలో బట్టల కొట్లతో పాటు కొవ్వొత్తులకీ టార్చిలైటు సెల్లులకీ గిరాకీ పెరుగుతుంది. మాకందులో వింతేమీ లేదు. 1999లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుఫాను అక్టోబరు 17న వచ్చింది. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న. మధ్యలో 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరు 12నే, కాకపోతే అది విశాఖ మీద పడింది. ఆ రోజంతా మేం అటువైపు చుట్టాలకి ఫోన్లు కలవక గింజుకున్నాం. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గంజాం జిల్లాలో ఎక్కువ భాగం ఇటొచ్చింది, మా చుట్టాల్లో సగంమంది ఇచ్ఛాపురం అవతల ఉండిపోయారు. అందుకే తుఫాను వార్త వస్తే మా ఇళ్ళల్లో ఒడియా చానలూ తెలుగు చానలూ మార్చిమార్చి చూస్తాం.

నాది మందుల దుకాణం. గోపాల్‌పూర్ వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది కాబట్టి ఊళ్ళోవాళ్ళూ, సముద్రం ఒడ్డున చేపలు పట్టుకుని బతికే మన తెలుగువాళ్ళూ ఇద్దరూ వస్తారు. ఒడ్డునున్న మనవాళ్ళని ఒడియావాళ్ళు నూలియాలంటారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, వేటకి చెన్నై, మంగళూరు దాకా వెళ్ళొచ్చిన మగాళ్ళ నోట రెండు మూడు భాషలు. తుఫాను మొదటి దెబ్బ తగిలేది వాళ్ళకే.

విపత్తుల్లో సాయం గురించి రాసేటప్పుడు అందరూ మానవత్వం అనే మాట వాడతారు. ఆ మాట మీద నాకు కోపం లేదు. కానీ ఇన్నేళ్ళుగా ఈ కౌంటరు వెనక నుంచి చూస్తున్నదాన్ని బట్టి నాకు అర్థమైంది వేరు. పనికొచ్చిన సాయమంతా ఒక్కదాని మీదే నడిచింది: ఎవరింట్లో ఎవరున్నారో తెలియడం. ఆ ముసలాయనకి చెవులు వినబడవని, ఆ కోడలికి నెలలు నిండాయని, ఆ కుర్రాడికి ఫిట్స్ అని, ఆ ఇంటి మగాడు సూరత్‌లో ఉన్నాడని తెలిసినవాళ్ళు పని చేసుకుపోయారు. ఎంత మంచి మనసున్నా ఇవేవీ తెలియనివాళ్ళు వచ్చి, ఫొటోలు దిగి, అన్నం పొట్లాలు పంచి వెళ్ళిపోయారు. పొట్లాలు వద్దని కాదు. ఆ ముందు రాత్రి బతికి ఉంటేనే కదా పొట్లం తినేది.

ముందుగా సర్కారుకి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చేస్తాను. 1999 అక్టోబరు 29న వచ్చిన సూపర్ సైక్లోన్‌లో ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. ఎక్కువమంది జగత్‌సింగ్‌పూర్ జిల్లా ఎరసమా వైపు, ఉప్పెనలో. దానికి పన్నెండు రోజుల ముందు మా జిల్లాని కొట్టిన తుఫానుని ఆ తర్వాత ఎవరూ తలచుకోలేదు. పెద్ద చావు ముందు చిన్న చావు అంతే. ఆ ఏడాదే ఒడిశా విపత్తుల కోసం విడిగా ఒక సంస్థ పెట్టుకుంది, 2001లో ప్రత్యేక సహాయక దళాన్ని తయారు చేసుకుంది, తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టుకుంటూ వచ్చింది. పద్నాలుగేళ్ళ తర్వాత గంటకి రెండొందల కిలోమీటర్ల గాలితో ఫైలిన్ సరిగ్గా గోపాల్‌పూర్ మీదకే వచ్చింది. దాదాపు పది లక్షల మందిని ముందే ఇళ్ళ నుంచి తరలించారు. పోయినవాళ్ళు యాభైలోపే. ఈ లెక్కని ప్రపంచమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవాల్సిందే.

అయితే పది లక్షల మందిని కదిలించడమంటే ఏమిటో కాగితం మీద తెలియదు. సైరను మోగిస్తే మనుషులు లేవరు. మైకు కట్టిన ఆటో ఒడియాలో అరుచుకుంటూ పోతే గుమ్మంలో నిలబడి వింటారు, విని లోపలికి పోతారు. ఎందుకు పోతారంటే, మోటారు కోసం. ఫైబర్ బోటుకి పెట్టే ఇంజను కొనడానికి చేసిన అప్పు ఇంకా తీరి ఉండదు, వలలు ఒడ్డునే ఉంటాయి. మేకలుంటాయి. ఇల్లు వదిలిపోతే తలుపు బద్దలుకొడతారని భయం ఉంటుంది. ఆడవాళ్ళకి ఇంకో బెంగ కూడా ఉంటుంది, వాళ్ళు పైకి చెప్పరు: అంత జనానికి షెల్టర్‌లో ఉన్న మరుగుదొడ్లు ఎన్ని, నీళ్ళొస్తాయా, రాత్రంతా ఎలా? బయటనుంచి వచ్చిన అధికారికి వీళ్ళంతా మొండివాళ్ళలా కనిపిస్తారు.

ఫైలిన్ ముందురోజు ఓఆర్ఎస్ పొట్లాలూ జ్వరం మాత్రలూ దించడానికి నేను ఒక పల్లెకి వెళ్ళాను. అప్పటికే ఆకాశం మసకబారింది, గాలి మాత్రం ఇంకా లేదు. ఒక పెద్దాయన గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. వార్డు మెంబరు బతిమాలాడు, అంగన్‌వాడీ ఆవిడ బతిమాలింది, ఒక కానిస్టేబులు గట్టిగానే చెప్పాడు. "సవుద్రం నాకు కొత్తేటి బాబూ, సిన్నప్పట్నించీ సూత్తన్నాను" అని ఒకటే పాట. పక్కింటి కోడలు చంకలో పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చింది. పెద్దవాణ్ణి, ఏడెనిమిదేళ్ళుంటాయి, చెయ్యి పట్టుకుని లాక్కొస్తోంది. బతిమాలలేదు. "తాతా, ఈడు రానంతన్నాడు. తాత దగ్గిరే ఉండిపోతాడంట. నీకాడ వదిలేసి పోతాను, సూసుకో" అంది. పెద్దాయన ఆ పిల్లాడి మొహం చూశాడు, ఆవిడని ఓ బూతు తిట్టాడు, వల చుట్టి చూరు కింద పెట్టి లేచాడు. లేచి మేకల తాళ్ళు కోసేసి మరీ బయల్దేరాడు. ఆ పిల్లాడంటే ఆయనకి ప్రాణమని కానిస్టేబులుకి ఎలా తెలుస్తుంది? పది లక్షల్లో ఇలాంటివి ఎన్ని వేలున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

1995 జనవరిలో జపాన్‌లోని కోబే భూకంపంలో కూలిన ఇళ్ళ కింద నుంచి బయటికి తీసినవాళ్ళలో చాలా ఎక్కువమందిని తీసింది ఇరుగుపొరుగువాళ్ళేనని తర్వాత లెక్క తేలింది. అంత డబ్బూ అంత యంత్రాంగమూ ఉన్న దేశంలోనే అలా ఉంటే మనదగ్గర వేరేలా ఉంటుందా. ఎవరు ఏ గదిలో పడుకుంటారో తెలిసినవాళ్ళు ఆ చోటే తవ్వారు.

ఫైలిన్ తర్వాత మా ఊళ్ళో కరెంటు రోజుల తరబడి లేదు. స్తంభాలు వరసగా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, ఫోను టవర్లు మూగబోయాయి. దుకాణంలో ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది. ఐసు తెద్దామంటే ఐసు ఫ్యాక్టరీలకీ కరెంటు లేదు. కొత్త కుండలో నీళ్ళు పోసి, స్టీలు గిన్నెలో సీసాలు పెట్టి, గిన్నెని ఆ నీళ్ళలో తేలేసి, కుండకి తడి గోనె చుట్టి, చీకటిగా ఉన్న మూల పెట్టాం. మరీ వేడి తగలకపోతే వాడుతున్న సీసా కొన్ని వారాలు నిలుస్తుంది, భయమంతా ఎండదే. అసలు తంటా సీసాలు దాచడం కాదు. అవి ఎవరికి అందాలో వాళ్ళు రాలేరు, దారులన్నీ చెట్లే. అప్పుడు నేను అప్పు పుస్తకం తీశాను. ఎవరు నెలనెలా ఏ మందు బాకీ పెట్టి తీసుకెళ్తారో అందులో ఉంటుంది: షుగరు, బీపీ, ఫిట్స్, గుండె. డబ్బిచ్చి కొనేవాళ్ళ పేర్లు నా దగ్గర లేవు, పేదవాళ్ళవే ఉన్నాయి. పుస్తకం చూసి పొట్లాలు కట్టి, పేర్లు రాసి, వీధికో కుర్రాణ్ణి పంపించాం. ఫిట్స్ మాత్రలు ముందు పంపాం, అవి ఒక్క పూట తప్పినా ప్రమాదం. నా బాకీల పుస్తకం ఆ వారం బరంపురంలో ఓ మూలకి ఆరోగ్యశాఖ రిజిస్టరు అయింది. నవ్వొస్తుంది గానీ, అలాంటి పట్టిక ఆ రోజున ఇంకెవరి దగ్గరా లేదు.

ఇప్పుడు లారీల సంగతి. తుఫాను వెలిసిన రెండో రోజు నుంచి జాతీయ రహదారి మీద లారీలు మొదలవుతాయి. బ్యానర్లు కట్టుకుని వస్తాయి. రోడ్డు పక్క ఊళ్ళకి ఒకే పూట మూడుసార్లు అటుకులూ బెల్లమూ అందుతాయి, లోపలి ఊళ్ళకి ఒక్కసారీ అందవు. దారి ఎవరికీ తెలియదు, చూపించేవాణ్ణి ఎక్కించుకుందామన్న ఆలోచన రాదు. పాత బట్టలు గుట్టలుగా పోస్తారు. ఒకసారి అందులో స్వెట్టర్లు చూశాను, ఉక్కపోతకి చెమటలు కక్కుతున్న ఊళ్ళో. చీరలిచ్చారు, లోపావడా జాకెట్టూ ఎవరూ ఇవ్వలేదు. చీర ఒక్కటీ ఇస్తే ఆడమనిషి ఏం చేసుకుంటుంది? ఆ వారం పల్లెలో అడిగింది ఇవి: పైకప్పుకి పాలిథిన్ పట్టా, అగ్గిపెట్టెలు, ఆరిన కట్టెలు, బియ్యం ఉడికించుకోవడానికి ఒక గిన్నె, నెలసరి గుడ్డలు. ఒక్కటీ ఖరీదైంది కాదు. వచ్చినవాళ్ళు లారీ దిగి, ఊళ్ళో ఏ మహిళా సంఘం ఆవిణ్ణయినా కూర్చోబెట్టి అరగంట మాట్లాడి ఉంటే తెలిసేది.

దీన్నిబట్టి ఇరుగుపొరుగంటే దేవుళ్ళని నేను అనడం లేదు. సాయం తెలిసినవాళ్ళ మధ్యనే తిరుగుతుంది, అదే దాని జబ్బు. మా వీధి, మా కులం, మా పార్టీ దాటి పోదు. ఊరి చివర ఒక్కత్తీ ఉండే విధవ, బతుకుదెరువుకి వచ్చి అద్దెకుంటున్న కుటుంబం, ఏదో పాత గొడవతో ఊరితో మాటలు లేని ఇల్లు, వీళ్ళ తలుపు ఎవరూ కొట్టరు. 2020లో ఇదే జిల్లాలో అది కళ్ళకి కట్టింది. సూరత్ మరమగ్గాల్లో మా గంజాం వాళ్ళు లక్షల్లో పనిచేస్తారు. ఫైలిన్‌కి ఎగిరిపోయిన కప్పులు చాలావరకు సూరత్ డబ్బుతోనే మళ్ళీ లేచాయి. ఆ మనుషులే కరోనా కాలంలో రైళ్ళు దిగి ఊరికొస్తే, పొలిమేరలో కర్రలు అడ్డం పెట్టినవాళ్ళున్నారు. ఆ ఏప్రిల్లో ముఖ్యమంత్రి సర్పంచులకి కలెక్టరు అధికారాలిచ్చారు. కొందరు సర్పంచులు బడిలో పరుపులు వేయించి రెండు పూటలా వండించారు, కొందరు ఆ అధికారాన్ని గేటు వేయడానికే వాడారు. తుఫానులో పక్కింటివాడు అండ. రోగంలో పక్కింటివాడే భయం. కాబట్టి ఊరికి ఊరే చూసుకుంటుందిలే అని సర్కారు చేతులు దులుపుకుంటే ఒప్పుకోకూడదు.

ఊరికి తెలిసిందంతా ప్రతిసారీ చాలదు కూడా. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మా చూపంతా సముద్రం వైపే. అటు ఉద్దానంలో కొబ్బరి చెట్లు నేలమట్టమయ్యాయని విని ఏడ్చాం. అసలు చావు కొండల్లో జరిగింది. తుఫాను లోపలికి పోయి గజపతి, రాయగడ జిల్లాల మీద కుమ్మరించింది, వంశధార, మహేంద్రతనయ పొంగాయి. గజపతి జిల్లా బారఘరా అనే కొండ ఊళ్ళో కొందరు వానకి తట్టుకోలేక ఒక కొండ గుహలో తలదాచుకున్నారు. కొండచరియ విరిగి పడింది. పదిమందికి పైగా అక్కడే పోయారు. వాళ్ళు తెలివితక్కువగా వెళ్ళలేదు, ఇంటికంటే రాయి గట్టిదనుకోవడంలో తప్పేముంది? తడిసిన కొండ ఎప్పుడు జారుతుందో ముందే చెప్పాల్సింది చదువుకున్నవాళ్ళు. ఆ చదువు తీరం వెంబడి చేరినట్టు కొండ మీదకి చేరలేదు. షెల్టర్లన్నీ ఒడ్డున కట్టాం. పర్లాకిమిడి పైన ఉండేవాళ్ళకి తుఫాను అంటే సముద్రం వాళ్ళ గొడవ.

ఇక కోలుకోవడం. దీని గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే దీని గురించే తక్కువ రాస్తారు. గాలివాన ఒక రాత్రి. దాని తర్వాత వచ్చే కాగితాల వాన రెండు మూడేళ్ళు. ఇల్లు పూర్తిగా పోయిందా, సగం పోయిందా అని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి రాసుకుంటాడు. ఆ రాతని బట్టి డబ్బు. ఒడ్డునున్న చాలా ఇళ్ళకి పట్టా ఉండదు, నేల సర్కారుది. ఒకే గుమ్మంలో ముగ్గురు కొడుకులు, మూడు పొయ్యిలు, జాబితాలో ఒక్క ఇల్లు. మగాడు మంగళూరులో వేటకి పోయి ఉంటే సంతకం ఎవరిది? బ్యాంకు పుస్తకంలో పేరు ఒకలా, రేషను కార్డులో ఇంకోలా ఉంటే? ఇదంతా ఒడియాలో. నూలియా పల్లెల్లో పెద్దవాళ్ళలో ఒడియా మాట్లాడేవాళ్ళు ఉన్నారు, రాసేవాళ్ళు తక్కువ.

ఒక పల్లెలో ఆ పని చేసిపెట్టింది ఒడియా మీడియంలో ప్లస్‌టూ చదువుతున్న ఒక అమ్మాయి. సాయంత్రం పూట వాళ్ళ అరుగు మీద లాంతరు పెట్టుకుని కూర్చునేది. ఆడవాళ్ళు ప్లాస్టిక్ సంచుల్లో తడిసి అతుక్కుపోయిన కార్డులు తెచ్చేవారు. వాటిని ఒక్కొక్కటీ ఊడదీసి, సత్తుపళ్ళెంలో ఆరబెట్టి, పేర్లు కూడబలుక్కుని దరఖాస్తు నింపేది. నా దుకాణంలో జిరాక్సు మిషను ఉంది, జనరేటరు తిరిగే గంటలో కట్టలు కట్టలు తీసేవాళ్ళం, అందుకే ఆ దరఖాస్తుల సంగతి నాకు తెలుసు. ఒకరోజు ఆ అమ్మాయి "మావయ్యా, వీళ్ళ ముగ్గురి పేర్లూ వేరువేరు ఇళ్ళ కింద రాశాను, ఆఫీసులో కొట్టేస్తారేమో, మీరోసారి మాట్లాడండి" అంది. మాట్లాడితే కొట్టేశారు. ఆవిడ మళ్ళీ రాసింది. పడవలో వెళ్ళి పదిమందిని కాపాడినవాడికి దండేస్తాం, వెయ్యాలి కూడా. కానీ ఆ ఊళ్ళో కప్పులు లేచింది ఆ అరుగు మీద రాసిన కాగితాలతో. దండ సంగతి అటుంచి, కలం డబ్బులు కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఫైలిన్ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో తీరం దగ్గరి ఊళ్ళల్లో గట్టి ఇళ్ళు వచ్చాయి. యజమానే దగ్గరుండి కట్టుకుంటే, పునాదికింత, స్లాబుకింత అని విడతలుగా డబ్బిచ్చే పద్ధతి. మంచి పద్ధతే. కట్టేవాడికి తన ఇంట్లో ఎవరున్నారో తెలుసు కదా. చూడాల్సింది ఒకటుంది: కొత్త చోటికి మార్చినప్పుడు పాత వరస పాత వరసలా వెళ్ళిందా, చీటీలు తీసి ఎవరికి ఏది వస్తే అది ఇచ్చారా. కోబేలో భూకంపం తర్వాత తాత్కాలిక ఇళ్ళని లాటరీ తీసి పంచారు. ముసలివాళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య పడ్డారు. కొందరు గదిలో ఒంటరిగా పోతే రోజుల తరబడి ఎవరికీ తెలియలేదు. సిమెంటు గోడ నిలబడుతుంది సరే, రాత్రి దగ్గితే "ఏటైంది పిన్నీ" అనే మనిషి పక్క గోడ అవతల ఉండాలి. మా తీరంలో పొడంపేట లాంటి ఊళ్ళని సముద్రం కొరుక్కుంటూ వస్తోంది, ఇంకా చాలామందిని మార్చాల్సి వస్తుంది. వరసలు చెదరకుండా మార్చమని ఇప్పుడే అడగాలి.

ఇలాంటివి ముందే రాసిపెట్టుకోవచ్చని చూపించిన ఊరు మా జిల్లాలోనే ఉంది. వెంకట్రాయపూర్. 2020లో యునెస్కో సముద్ర విభాగం సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్ళుగా గుర్తించిన రెండింటిలో అదొకటి, రెండోది జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహి. మన దేశంలో మొట్టమొదటివి ఈ రెండే. చేసింది బ్రహ్మవిద్యేమీ కాదు. ఎటు పరిగెత్తాలో బాణం గుర్తులు పెట్టారు, ఊరి పటం గీసుకున్నారు, అందరూ కలిసి ఉత్తుత్తి పరుగులు పెట్టి అలవాటు చేసుకున్నారు. ఇది కొన్ని పల్లెలతో ఆగాల్సిన పని కాదు.

ఇంకో పేచీ కూడా నాకుంది. మామూలు జనం చేసే సాయానికి డబ్బు మాటెత్తితే సేవ మైలపడుతుందంటారు. అనేవాళ్ళు నెలజీతగాళ్ళు. మా దగ్గరి ఒక మహిళా సంఘం షెల్టర్‌లో రోజుల తరబడి వండిపెట్టింది. బియ్యం వచ్చాయి. కట్టెలకీ ఉప్పుకీ నూనెకీ సంఘం పొదుపులోంచే తీశారు, ఆ డబ్బు తిరిగి రావడానికి ఎన్ని తిరుగుళ్ళు తిరిగారో వాళ్ళకే తెలుసు. వాళ్ళ సొంత కప్పులు కూడా ఎగిరిపోయే ఉన్నాయి అప్పటికి. చెట్లు కోసి దారులు చేసిన కుర్రాళ్ళు కూలి మానుకుని వచ్చారు. 2019లో ఒడిశాని కొట్టిన ఫణి తుఫాను తర్వాత ఆంధ్ర నుంచి వచ్చిన కరెంటు సిబ్బందికి భత్యం ఉంటుంది, ఉండాలి. ఇంటి ముందు స్తంభం లేపడానికి తాడు పట్టుకున్న ఊరివాడికి కూలి ఎందుకుండకూడదు? ఎంత అన్నది కలెక్టరు తేల్చొచ్చు, ఉపాధి హామీ రేటైనా చాలు.

మా వీధి కుర్రాళ్ళు ఈసారి వినాయక చవితి చందాకి వస్తే రసీదు పుస్తకం పక్కన పెట్టించి వేరే కాగితం ఇచ్చాను. మన వీధిలో మంచం పట్టినవాళ్ళెవరు, గర్భిణులెవరు, ఒంటరిగా ఎవరుంటున్నారు, ఎవరింట్లో మగాళ్ళు ఊళ్ళో లేరు, ఇవి రాసుకురండి, అప్పుడిస్తాను చందా అన్నాను. జబ్బుల వివరాలు గోడ మీద అతికించొద్దని, ఒక ప్రతి ఆశా కార్యకర్తకి, ఒకటి వార్డు మెంబరుకి ఇస్తే చాలని కూడా చెప్పాను. గొణుక్కుంటూ వెళ్ళి రెండు రోజుల తర్వాత తెచ్చారు. సొంత ఇళ్ళవాళ్ళందరూ ఉన్నారు, అద్దెకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. మేడ మీద గదుల్లో ఉండేవాళ్ళనీ, పాత గోదాము వెనక రేకుల షెడ్డులో ఉండేవాళ్ళనీ కూడా రాసుకురమ్మని మళ్ళీ పంపించాను.